ఎలుగుబంటి కోసం మొదటిసారి ఒక్కడినే వెళ్ళొచ్చా? బెల్లం పట్టుకెళ్ళినవాడి జవాబు

మీ ప్రశ్న చదవగానే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఎడమ మోకాలు సలిపింది. బెంగళూరులో ఉంటానన్నారు. అమెరికా వాళ్ళ ఎలుగుబంటి వేట వీడియోలు తెగ చూస్తానన్నారు. ఇక్కడ వేట కుదరదు కాబట్టి కెమెరాతోనైనా అలాగే జాడ పట్టుకుంటూ వెళ్ళాలనుంది, నేర్పేవాళ్ళెవరూ లేరు, మొదటిసారి ఒక్కడినే వెళ్ళొచ్చా అని అడిగారు.

వద్దండీ. ఏడేళ్ళ కిందట నేను సరిగ్గా ఇదే చేశాను. మారతహళ్ళి పీజీలో, అవే వీడియోలు చూసి.

ముందు చట్టం సంగతి చెప్తాను. వేట కుదరదని మీకు తెలుసు. అయితే ఎంత కుదరదో నాకు అప్పట్లో తెలియదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మన ఎలుగుబంటి మొదటి షెడ్యూల్లో, పులి ఉన్న వరసలోనే ఉంది. వేటాడితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. ఆ చట్టం లెక్కలో వేటంటే చంపడం మాత్రమే అనుకునేరు. ఉచ్చు పెట్టినా, తరిమినా, ఎర వేసినా, వాటికి ప్రయత్నం చేసినా వేటే. ఆ ఎర అన్న మాట దగ్గర కాసేపు ఆగండి, మళ్ళీ వస్తాను.

మాది ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా. జీడితోటలు, కొబ్బరితోటలు, పనసచెట్లు. మా వైపు ఎలుగు అంటే సరదా కాదు. పనసపళ్ళ కాలంలో చీకటి పడ్డాక తోటలోకి ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఎలుగు ఒకరిని చంపి, చాలామందిని గాయపరిచిన సంగతి మీరు వార్తల్లో చూసే ఉంటారు. అలాంటి ఊళ్ళో పుట్టినవాణ్ణి, బెంగళూరు వచ్చి జీతం అందుకోగానే దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే ఆరు వందల ఎంఎం లెన్స్ అద్దెకు తీసుకుని ఎలుగును వెతుక్కుంటూ పోయాను. తర్వాత ఫోన్లో మా అమ్మ అన్న మాట ఇప్పటికీ ఇంట్లో సామెతలా వాడతారు: "ఏట్రా నాన్నా, తోటలో ఉన్నది సాలక డబ్బులెట్టి మరీ ఎతుక్కుంటన్నావా?"

కర్ణాటకలో తుమకూరు వైపు మధుగిరి దాటాక ఒక రాతిగుట్ట ఉంది. ఊరి పేరు చెప్పను, చెప్తే మీలో నలుగురు ఈ ఆదివారమే బయల్దేరతారు. జనవరి నెల. తెల్లవారుజామున మూడున్నరకు నేనూ రూమ్మేటూ బండి మీద బయల్దేరాం. వాడు చలికి వణికిపోయి గుట్ట కిందే ఆగిపోయాడు. అదృష్టం కొద్దీ ఆగిపోయాడు అనాలి, ఎందుకో చెప్తాను.

నేను వీడియోల్లో చూసినవన్నీ అక్షరాలా పాటించాను. సబ్బు రుద్దుకోలేదు, సెంటు కొట్టుకోలేదు. రబ్బరు అడుగు బూట్లు. గాలి ముఖానికి తగిలేలా, అంటే నా వాసన వెనక్కి పోయేలా చూసుకుని నడిచాను. అడుగు తీసి అడుగు వేసినా చప్పుడు లేదు. అమెరికా వాళ్ళు కొన్ని రాష్ట్రాల్లో తీపి పదార్థాలు ఎరగా పెట్టి మంచె మీద కూర్చుంటారు కదా, నేను సంచిలో అరకిలో బెల్లం పెట్టుకున్నాను. ఏదైనా బండ మీద రుద్ది దూరంగా కూర్చుందామని.

గుట్ట మొదట్లోనే పెంట కనిపించింది, నిండా రేగుగింజలు. ఎగిరి గంతేశాను. ఇంకో యాభై అడుగులు పైకి వెళ్ళాక ఒక చెదపుట్ట, పక్కనుంచి తవ్వేసి ఉంది. లోపలి మట్టి తడిగా, ఎర్రగా ఉంది. పగిలిన పెళ్ళల మీద తెల్లటి చెదపురుగులు ఇంకా అటూ ఇటూ పరిగెడుతున్నాయి. వంగి దానికి నాలుగు ఫోటోలు తీశాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు జలదరించేది అక్కడే. పుట్ట పగిలాక చెదలు అలా బయట ఎంతసేపు ఉంటాయి? తవ్వినవాడు ఇప్పుడే లేచి పోయాడని అర్థం. పక్కన తెలిసిన మనిషి ఒక్కడుంటే నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగేవాడు. నేనేమో జాడ దొరికిందని సంబరపడి ముందుకు నడిచాను.

తర్వాత ఒక చప్పుడు. కొబ్బరిబోండాంలో నీళ్ళు అయిపోయి స్ట్రా అడుగంటినప్పుడు గుర్రుమంటుంది చూడండి, అదే చప్పుడు, పదింతలు పెద్దగా. మధ్యమధ్యలో ఫూ అని ఊదడం. కింద పొలంలో ఎవరో మోటారు వేశారనుకున్నాను. మన ఎలుగుకు పైన ముందుపళ్ళు రెండు ఉండవు. ముక్కుపుటాలు మూసుకుని, పెదాలు గొట్టంలా చాచి, ముందు మట్టిని ఊదేసి తర్వాత చెదల్ని పీలుస్తుంది. ఆ చప్పుడు వంద మీటర్ల అవతలికి కూడా వినిపిస్తుంది. ఇదంతా తర్వాత చదివాను. అప్పుడు నాకు తెలిసింది మోటారు చప్పుడే.

బండ మలుపు తిరిగాను. ఇరవై అడుగుల దూరంలో వీపు కనిపించింది. నల్లటి పొడవాటి జుట్టు, మెడ మీద జడలు కట్టి ఉంది. నాకు ముందు తోచింది భయం కాదు, ఫోకస్ ఇంత దగ్గర పడదే అని! షట్టర్ నొక్కాను. ఆ టిక్కుకి అది తల తిప్పింది. మూతి బూడిదరంగులో, మట్టి అంటుకుని ఉంది. వెనక్కాళ్ళ మీద లేచింది. ఛాతీ మీద తెల్లటి వి గుర్తు, ముందుకాళ్ళకు నా చూపుడువేలంత గోళ్ళు. వుఫ్ అని ఒక అరుపు, అంతే, నాలుగు కాళ్ళ మీద నా వైపే వచ్చింది.

నేను ధైర్యంగా ఏమీ చేయలేదు. వెనక్కి అడుగేసి రెండు బండల సందులో పడ్డాను. లెన్స్ రాతికి తగిలి పెద్ద చప్పుడుతో పగిలింది. అదే సమయానికి కిందనుంచి డబడబా డబ్బా వాయిస్తూ ఎవరో కేకలు పెడుతున్నారు. ఎలుగు ఎటు పోయిందో చూడలేదు. కళ్ళు తెరిచేసరికి లేదు.

వచ్చినాయన మేకలు కాసుకునే ముసలాయన. ఆ వైపు పల్లెల్లో తెలుగు బాగా మాట్లాడతారు. బండి దగ్గర వణుకుతున్న మా వాణ్ణి చూసి ఏం సంగతని అడిగాడట. నేను ఒక్కణ్ణే పైకి పోయానని వినగానే ఖాళీ నూనె డబ్బా, కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. నా మోకాలికి తువ్వాలు కడుతూ మొదలుపెట్టాడు. "ఏమప్పా, బుద్ధుండాదా నీకు? పుష్యమాసంలో గుండ్ల సందుల్లో పిల్లలుంటాయి దానికి. యాడికి పోతాండావు?" సంచిలోంచి బెల్లం జారిపడి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు ఏమీ అనలేదు. "ఎలుగ్గొడ్డు కాడికి బెల్లం ఎత్తుకొచ్చినావా," అని మాత్రం అన్నాడు. అడవిలో ఎర వేయబోయిన నేరం, చట్టం ప్రకారం, నా సంచిలోనే ఉందని నాకు అప్పటికి తెలియదు.

కిందికి దిగుతున్నంతసేపూ ఆయన కర్రతో ప్రతి బండనూ టంగుమని కొడుతున్నాడు, దగ్గుతున్నాడు, మేకల్ని తిడుతున్నాడు. మేకలు ఇంకా దొడ్లోనే ఉన్నాయి! ఎందుకలా అంటే, "మనం వస్తాండామని దానికి తెలియల్లప్పా. తెలిస్తే అదే పోతాది" అన్నాడు.

మీకు చెప్పాలనుకున్నదంతా ఈ మాటలో ఉంది. మీరు చూసే వీడియోల్లోది వేరే ఎలుగు. అమెరికా నల్ల ఎలుగు మనిషిని పసిగడితే చాలావరకు పారిపోతుంది, అందుకే వాళ్ళు చప్పుడు లేకుండా, వాసన తగలకుండా చేరుకోవడం నేర్చుకుంటారు. పైగా చేతిలో తుపాకీ ఉంటుంది. మనది పులులున్న అడవుల్లో బతికిన జంతువు. దగ్గరగా ఉలిక్కిపడితే పారిపోవడం కంటే మీద పడటమే దానికి అలవాటు. దానికి చూపు తక్కువ, వినికిడీ గొప్పగా ఉండదు, ముక్కు మాత్రం అద్భుతం. నేను చేసిందేమిటి? గాలికి ఎదురు నడిచి ఆ ముక్కునే పనికిరాకుండా చేశాను. ఆ వీడియోలవాళ్ళు నేర్పిన ప్రతి ఉపాయమూ నన్ను దానికి కనబడకుండా, వినబడకుండా తీసుకెళ్ళి ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టింది. గురువు లేకపోవడమంటే తెలియకపోవడమే అనుకున్నాను, కానీ నాకు తెలుసు, చాలా తెలుసు. అదంతా వేరే దేశపు వేరే జంతువు గురించి.

ఆ దేశంలో కూడా అన్నిచోట్లా ఒక్కణ్ణే వెళ్ళనివ్వరు. అలాస్కాలో గోధుమరంగు ఎలుగు వేటకు బయటి రాష్ట్రం వాళ్ళు వెళ్ళాలంటే లైసెన్సున్న గైడైనా, అక్కడే స్థిరపడిన దగ్గరి బంధువైనా వెంట ఉండాలని చట్టమే ఉంది. బావమరిది ఉన్నా సరిపోతుందన్నమాట. మనకు ఇక్కడ మేకలాయన.

మరి ఎలా చూడాలి? మొదట బన్నేరుఘట్ట వెళ్ళండి. అక్కడి జూ పార్కులో ఎలుగుల పునరావాస కేంద్రం ఉంది. ఒకప్పుడు ముక్కుకి తాడేసి ఊరూరా ఆడించిన ఎలుగుల్ని తెచ్చి పెట్టారు. చిన్నప్పుడు పలాస బజారులో అలాంటిదాని వెంట్రుక తాయెత్తులో కట్టించి మా మెడల్లో వేశారు, భయం పోతుందని. ఇప్పుడు ఆ కేంద్రంలో దాని సైజు, నడక, ఆ పీల్చే చప్పుడు మీ చెవికి అలవాటు కానివ్వండి. మోటారు అనుకోకుండా ఉంటే చాలు.

తర్వాత దరోజి. హంపికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, ఎలుగుల కోసమే 1994లో ఏర్పాటు చేసిన అభయారణ్యం. రాత్రి హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే హొసపేటలో దిగుతారు, అక్కడినుంచి ఆటో. మధ్యాహ్నం తర్వాతే లోపలికి పంపిస్తారు. ఎదురుగా రాతిగుట్ట, మీరు మంచె మీద. అటవీ శాఖ వాళ్ళే కొన్ని బండలకు తీపి ముద్ద రాసి వస్తారు. అది వాళ్ళు చేస్తేనే, మీరు చేస్తే కేసే. ఎండ తగ్గాక ఎలుగులు గుట్ట దిగుతాయి. చాలా దూరంగా ఉంటాయి, ఫోన్ కెమెరాతో వెళ్ళి నల్లటి చుక్క తెచ్చుకుని తిట్టుకోకండి. బైనాక్యులర్ తీసుకెళ్ళండి.

నేను వెళ్ళిన రోజు గంటన్నర పాటు ఒక నల్లరాయినే చూస్తూ కూర్చున్నాను. పక్కనున్న వాచర్ నా గడ్డం పట్టుకుని తల నాలుగు వేళ్ళంత పక్కకు తిప్పి "కరడి బంతు" అన్నాడు, ఎలుగు వచ్చిందని. కన్నడ రానివాడికి కూడా అర్థమయ్యే మాట. నేను చూస్తున్నది రాయే. దాని పక్క రాయి నడుస్తోంది, వీపు మీద రెండు పిల్లలు జుట్టు పట్టుకుని వేలాడుతున్నాయి. భల్లూకపు పట్టు అని మనం ఊరికే అంటాం గానీ, తల్లి వీపు మీద ఆ పిల్లల పట్టు చూడాలి.

ఇంత చెప్పినా గుట్టలవైపు పోతారని నాకు తెలుసు, నేనూ పోయినవాణ్ణే. పోతే అటవీ శాఖ అనుమతితో, ఊరి మనిషిని వెంటబెట్టుకుని, ఎండ బాగా ఎక్కాక, గట్టిగా మాట్లాడుకుంటూ పోండి. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి చెప్పకుండా దూరితే అది మళ్ళీ వేరే కేసు. ఎదురైతే పరిగెత్తకండి, గెలవలేరు. చెట్టెక్కకండి, అదీ ఎక్కుతుంది. నెమ్మదిగా వెనక్కి తగ్గండి. మీద పడితే బోర్లా పడుకుని మెడ, ముఖం చేతులతో కప్పుకోవాలి, ఎందుకంటే అది పట్టేది ఎక్కువగా ముఖమే. మా ఊరివైపు ఒక పెద్దాయన ఎండాకాలంలో కూడా తువ్వాలు ముఖానికి అడ్డం వేసుకునే తిరిగేవాడు. దాని వెనక ఏముందో చిన్నప్పుడు ఒక్కసారి చూశాను.

లెన్స్ డబ్బులు ఆరు నెలలు కట్టాను. దరోజిలో తీసిన తల్లీపిల్లల ఫోటో ఒకటి ప్రింట్ వేయించి, పండక్కి ఒక పంచె కూడా కొని మేకలాయనకు ఇవ్వడానికి వెళ్ళాను. పంచె పక్కన పెట్టి ఫోటో వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది మా గుట్టది కాదులేప్పా," అన్నాడు. "బాగా బలిసుండాది. బెల్లం తినే రకం."