30×45 స్థలంలో మూడు బెడ్‌రూములు ఎందుకు పట్టడం లేదంటే

30×45 అడుగుల స్థలంలో, 25 లక్షల బడ్జెట్‌లో మూడు బెడ్‌రూముల ఇల్లు ఎందుకు కుదరడం లేదని అడిగారు. మీరు గోడలు, వదలాల్సిన ఖాళీ లెక్కలోకి తీసుకోకుండా స్థలం కొలతల మీదే గదులు గీశారు. కుదరనిది అందుకే.

1. ముందు 5, మిగతా మూడు వైపులా 3 అడుగులు వదిలితే మిగిలేది 24×37, అంటే 888 చదరపు అడుగులు. మీ మున్సిపాలిటీ ఎక్కువ వదలమంటే ఇంకా తగ్గుతుంది.

2. చాలామంది మరిచేది గోడ మందం. 24 అడుగుల వెడల్పులో బయటి గోడలు రెండూ 9 అంగుళాల చొప్పున, నడిమి గోడ 4½, ఆపైన ప్లాస్టరింగ్. మొత్తం రెండడుగులు పోతాయి. కాగితం మీది 12 అడుగుల గది 11 అవుతుంది. అందులో మంచం గీసి, బీరువా తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో లేదో చూడండి.

3. మెట్లకు 7×13 అడుగులు తీసేయండి.

4. మీ మేస్త్రీ చెప్పిన చదరపు అడుగుకు 2,000 రూపాయల రేటుకు 888 చదరపు అడుగులకు 17.76 లక్షలు. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ సాధారణంగా ఆ రేటులో ఉండవు, మిగిలిన డబ్బు వాటికే ఉంచండి.

కింద రెండు బెడ్‌రూములే కట్టండి. మూడోది తర్వాత పైన వేసుకునేలా పునాది, పిల్లర్లు ఇప్పుడే ఇంజనీరుతో డిజైన్ చేయించండి.