దుప్పటి కథ రాసిన అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నన్ను "మాస్టారూ" అని పిలిచావు కనుక నువ్వు అనే రాస్తున్నాను. డబ్లిన్ నుంచి నువ్వు పంపిన 'దుప్పటి' కథ చేరి మూడు వారాలైంది. మొదటిసారి విసుగొచ్చి పక్కన పడేశాను. రెండోసారి పదకొండో పేజీ దగ్గర ఆగిపోయాను. ఈ జవాబు ఆ ఒక్క పేజీ వల్ల రాస్తున్నాను.

ముందు విసుగు సంగతి. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ఫాల్స్ రోడ్డు వెంట పర్యాటకులను నడిపిస్తూ తన గతాన్ని చెప్పే మాజీ ఖైదీ నీ కథానాయకుడు. ఉత్తర ఐర్లండ్‌ను బ్రిటన్ నుంచి విడదీసి ఐర్లండ్‌లో కలపాలని ఆయుధాలు పట్టిన ఐఆర్‌ఏ మనిషిగా పట్టుబడి, లాంగ్ కెష్ జైలులో ఒంటికి దుప్పటి చుట్టుకుని ఏళ్ళు గడిపినవాడు. ఆ దుప్పటిని నువ్వు నాలుగుచోట్ల తల్లి ఒడితో పోల్చావు. అది తల్లి ఒడి కాదు నాయనా, మేం మామూలు నేరస్థులం కామనే వాదన. 1972లో ఇలాంటి ఖైదీలకు ప్రత్యేక హోదా ఇచ్చిన బ్రిటిష్ ప్రభుత్వమే, 1976 మార్చి 1 తర్వాత చేసిన నేరాలకు ఆ హోదా వర్తించదని, దొంగలు తొడిగే బట్టలే వీళ్ళూ తొడగాలని, జైలువాళ్ళు చెప్పిన పని చేయాలని శాసించింది. ఆ సెప్టెంబరులో కీరన్ న్యూజెంట్ అనే కుర్రాడు ఆ బట్టలు తొడగనన్నాడు. కప్పుకోవడానికి మిగిలింది దుప్పటి ఒక్కటే. అతని వెనక వందలమంది అదే దారి పట్టారు. సత్ప్రవర్తన ఉంటే సగం శిక్షకే బయటపడగలిగినవాళ్ళు, నిరసనలో ఉన్నన్నాళ్ళూ ఆ మాఫీని పోగొట్టుకున్నారు. ఆ లెక్క తెలిసినవాడికి తల్లి ఒడి గుర్తురాదు.

ఇంకొకటి. ఆయన ఏం చేసి జైలుకు వెళ్ళాడో నీ కథలో ఎక్కడా లేదు. సుమారు 3,500 మంది ప్రాణాలు పోయిన ఆ ముప్ఫై ఏళ్ళ పోరులో ఆయన చేతి వల్ల ఎవరింటి ముందైనా పాడె లేచిందా, లేదా? లేస్తే ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ అదే ఊళ్ళో ఉండవచ్చు. అది దాచిపెట్టి ఆయన కళ్ళలో సముద్రాన్ని చూపిస్తే నేను చూడను.

ఇక నా పాత పాట. విన్నవాళ్ళు విసుక్కుంటారు, అయినా పాడతాను. కథలో మనిషి కనబడగానే నేను అడిగే మొదటి ప్రశ్న, వీడు పొట్ట ఎలా పోసుకుంటున్నాడు అని. దానికి జవాబు లేని మనిషి ఎంత ఏడ్చినా నాకు కాగితం తడవదు. నువ్వు అదే జైలులోని ఐఆర్‌ఏ ఖైదీ బాబీ శాండ్స్ మీద ఆరు పేజీలు రాశావు: 66 రోజుల నిరాహార దీక్ష, జైలులో ఉండగానే పార్లమెంటుకు ఎన్నిక, 1981 మే 5న 27 ఏళ్ళకే మరణం, ఆ తర్వాత మరో తొమ్మిదిమంది. అవి నీ కథానాయకుడి రోజులు కావు. చనిపోయినవాడికి కూలి వెతుక్కునే అవసరం లేదు, బతికి బయటికి వచ్చినవాడికి మర్నాడు పొద్దున్నే ఉంది.

మరో ఐఆర్‌ఏ ఖైదీ బ్రెండన్ హ్యూస్ సంగతి చూడు. 1973లో ఆయన పరుపులో చుట్టుకుని చెత్త లారీలో లాంగ్ కెష్ నుంచి తప్పించుకున్న కథ అందరూ చెబుతారు. 1980లో 53 రోజుల దీక్షకు నాయకత్వం వహించి, తోటివాడు షాన్ మెకెన్నా చావు అంచున ఉండగా దాన్ని ఆపించిన సంగతీ చెబుతారు. 1986లో విడుదలై, పశ్చిమ బెల్‌ఫాస్ట్‌లో కట్టడాల దగ్గర కూలికి వెళ్ళి, తనలాంటి మాజీ ఖైదీలకు మేస్త్రీలు ఎంత తక్కువ ఇస్తున్నారో చూసి మండిపడ్డ సంగతి ఎంతమంది చెబుతారు? పరుపు కథకు చప్పట్లు పడతాయి, కూలి కథకు పడవు.

1998 శాంతి ఒప్పందం తర్వాత రెండేళ్ళలో, ఐర్లండ్‌తో కలవాలన్నవాళ్ళు, బ్రిటన్‌తోనే ఉండాలన్నవాళ్ళు, ఈ రెండు వర్గాలవాళ్ళనూ కలిపి 400 మందికి పైగా షరతుల మీద వదిలేశారు. అంతకుముందే శిక్ష ముగించుకుని వచ్చినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఎవరి నేరచరిత్రా చెరిగిపోలేదు. అమెరికా వీసాకు అది అడ్డం, ఇంటి బీమాకు అడ్డం, ఉద్యోగానికి అడ్డం. రాజకీయాభిప్రాయాన్ని బట్టి ఉద్యోగం నిరాకరించకూడదన్న అక్కడి చట్టం, హింసను సమర్థించే అభిప్రాయానికి మాత్రం ఆ రక్షణ ఇవ్వదు. నిలువ నీడలేనివాళ్ళకు ఆశ్రయమిచ్చే ఒక సంస్థలో పని అడిగి కాదనిపించుకున్న ఇద్దరు మాజీ ఖైదీలు, హింసను ఎప్పుడో విడిచిపెట్టామని చెప్పుకుని కూడా, 2009లో అప్పటికి అక్కడి పై కోర్టుగా ఉన్న లండన్‌లోని ప్రభువుల సభ దాకా వెళ్ళి ఓడిపోయారు. చూశావా, 1976లో మామూలు నేరస్థుడివన్నారు, 1998లో మామూలు నేరస్థుడివి కాదన్నట్టు తలుపు తీశారు, దరఖాస్తు ఫారం దగ్గర మళ్ళీ మొదటి మాటే. జైలులో పని చేయనని దుప్పటి కప్పుకున్నవాడు బయట పని ఇవ్వమని క్యూలో నిలబడటం కన్నా నీకు కథ ఏం కావాలి?

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. రాజమండ్రిలో మా వీధి చివర సెంట్రల్ జైలు నుంచి పధ్నాలుగేళ్ళకు తిరిగి వచ్చిన ఒకాయన ఉండేవాడు. లోపల తివాచీ నేత నేర్చుకున్నాడు. బయటికి వచ్చి వసారాలో మగ్గం వేసుకుంటే, దుకాణదారు సగం ధరకు కొని, ఎవరు నేశారో చెప్పకుండా అమ్మేవాడు. నేను ఆయన మీద తొలి కథ రాసి వెన్నెలా గోదావరీ బాగా దట్టించి చదివి వినిపించాను. ఆయన ఓపికగా విని, "ఈ కథలో నేను ఏం తింటున్నాను బాబూ?" అన్నాడు. సిగ్గుపడి తివాచీ ధరలతో సహా తిరగరాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు ధరల పేజీ మొత్తం కొట్టేసి, నేను తీసేసిన వెన్నెలను తన సొంత చేత్తో రెండు వాక్యాలు చేర్చి అచ్చు వేశాడు. నలభై ఏళ్ళైంది, ఆ సంచిక ఇప్పటికీ తెరవను. అలాంటివాళ్ళే మొన్న నీ కథను "మన పాఠకుడికి ఐర్లండ్ ఎందుకు" అని తిప్పి పంపి ఉంటారు. వి.వి.గిరి గారు 1913లో లా చదవడానికి నువ్వున్న ఆ డబ్లిన్‌కే వెళ్ళి, అక్కడి ఉద్యమకారులతో తిరిగాడన్న అనుమానం మీద 1916లో దేశం విడిచి రావలసివచ్చిందని వాళ్ళకు ఎవరైనా గుర్తుచేస్తే బాగుండును.

ఇప్పుడు పదకొండో పేజీ. రెండు వర్గాల పేటల మధ్య కట్టిన 'శాంతి గోడ' గేటు దగ్గర నీ ముసలాయన తన గుంపును అవతలి వర్గం మాజీ ఖైదీకి అప్పగిస్తాడు. ఒకప్పుడు ఒకరినొకరు చంపుకోవలసిన ఇద్దరూ చేతులు కలిపి, తలలు లెక్కపెట్టుకుని, మిల్లులో షిఫ్టు మారినట్టు మారతారు. తర్వాత ఆయన ప్లాస్టిక్ సంచిలోంచి ఫ్లాస్కు తీసి, గోడకు ఆనుకుని టీ పోసుకుని, మూతలో మిగిలిన చుక్కలు విదిలించి బస్సు కోసం చూస్తాడు. ఆరే వాక్యాలు. తన ఇరవయ్యో ఏటిని రోజూ రెండు గంటలు టికెట్టు మీద అమ్ముకుని ఇంటికి పోయే మనిషి అక్కడ ఉన్నాడు. నువ్వేమో ఏడో వాక్యంలో ఫ్లాష్‌బ్యాక్‌లోకి దూకావు.

ఐరిష్ పేర్లు తెలుగులో ఎలా రాయాలి, ఏ పోటీకి పంపాలి అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. వచ్చే నెల మళ్ళీ బెల్‌ఫాస్ట్ వెళతానన్నావు కదా, ఆయన్ను జైలు గురించి అడగకు. అమెరికాలోని బోస్టన్ కాలేజీవాళ్ళకు మాజీ సాయుధులు నమ్మకంగా చెప్పుకున్న మాటల కోసం పోలీసులు అమెరికా కోర్టుల దాకా వెళ్ళిన ఊరు అది, ఎవరి మాటైనా జాగ్రత్తగానే ఉంటుంది. చలికాలంలో పర్యాటకులు తగ్గినప్పుడు ఏం చేస్తాడో అడుగు. చెప్పకపోతే బస్సు వచ్చేదాకా పక్కన నిలబడు.

కథను తిరుగు టపాలో పంపుతున్నాను. పెన్సిలు గీతలు ఎక్కువే ఉన్నాయి, పదకొండో పేజీ మాత్రం ముట్టుకోలేదు.

ఇట్లు,
మాస్టారు