పరీక్ష ఎలా పెట్టాలో ఎవరు తేలుస్తారు?

ప్రశ్న: ఫర్నిచర్ కంపెనీలు భద్రతా చట్టాలు రాకుండా లాబీయింగ్ చేస్తాయని విన్నాను. కానీ అమెరికాలో పిల్లల మీద సొరుగుల బీరువాలు పడకుండా తెచ్చిన చట్టాన్ని ఆ పరిశ్రమే సమర్థించిందట. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే. అసలు గొడవ చట్టం ఉండాలా వద్దా అన్న దగ్గర కంటే, బీరువాకి పరీక్ష ఎలా పెట్టాలన్న దగ్గర ఎక్కువగా జరుగుతుంది. పేపర్లలో దాని గురించి పెద్దగా రాదు.

చిన్న పిల్లలు కింది సొరుగు లాగి, దాన్ని మెట్టులా చేసుకుని పైకి ఎక్కుతారు. బరువంతా ముందుకు వచ్చేసి బీరువా వాళ్ల మీద పడుతుంది. ఇలా పిల్లలు చనిపోయాక 2016 జూన్‌లో ఐకియా అమెరికాలో దాదాపు 2.9 కోట్ల బీరువాలను రీకాల్ చేయాల్సి వచ్చింది. అప్పటికి ప్రమాణం లేకపోలేదు, ఉంది, కాకపోతే పాటించి తీరాలన్న నిర్బంధం లేదు. దాన్ని రాసేది ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ కమిటీ, అందులో తయారీదారుల మనుషులూ ఉంటారు. ఆ పరీక్ష ఎలా ఉండేదో చూడండి: గట్టి చదును నేల, మిగతా సొరుగులన్నీ ఖాళీ, తెరిచిన ఒక్క సొరుగు మీద 50 పౌండ్ల బరువు. ఏ ఇంట్లో ఉంటుందండీ అలా? కింద కార్పెట్ ఉంటుంది, సొరుగుల నిండా బట్టలుంటాయి, పిల్లాడు ఒకేసారి రెండు మూడు లాగేస్తాడు.

బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు 'పేరెంట్స్ అగైన్‌స్ట్ టిప్-ఓవర్స్' అనే సంఘం పెట్టి ఏళ్ల తరబడి పోరాడారు. 2022లో వినియోగదారుల భద్రతా కమిషన్ (సీపీఎస్‌సీ) సొంతంగా ఒక నిబంధన తెస్తే, తయారీదారుల సంఘమైన అమెరికన్ హోమ్ ఫర్నిషింగ్స్ అలయన్స్ దాన్ని వ్యతిరేకించింది. అదే సంఘం, మీరడిగిన బీరువాల చట్టాన్ని (దాని పేరు స్టర్డీ చట్టం) మాత్రం సమర్థించింది. ఎందుకంటే కమిటీ రాసే ప్రమాణం చట్టం అడిగినంత గట్టిగా ఉంటే కమిషన్ దాన్నే తప్పనిసరి చేయాలని అందులో ఉంది. అంటే కలం కమిటీ చేతిలోనే ఉంటుంది. 2022 డిసెంబర్‌లో చట్టం వచ్చింది, 2023 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ప్రమాణం తప్పనిసరైంది. ఇప్పుడు 60 పౌండ్ల వరకు బరువుండే పిల్లల్ని లెక్కలోకి తీసుకోవాలి, కార్పెట్‌నీ, నిండుగా ఉన్న సొరుగుల్నీ, ఒకేసారి చాలా సొరుగులు తెరవడాన్నీ కూడా.

నా మటుకు నాకు ఇది మంచి ఫలితమే. కాకపోతే ఇందులో మెచ్చుకోవాల్సింది ముందుగా ఆ తల్లిదండ్రుల్ని. వాళ్లు పట్టు వదిలేసి ఉంటే పరిశ్రమ ఇంత దూరం వచ్చేదని నేననుకోను.

ప్రశ్న: సోఫా ఫోమ్‌లో మంటలు ఆపే కెమికల్స్ కలిపేవారు కదా, అది కూడా ఫర్నిచర్ కంపెనీల పనేనా?

జవాబు: కాదు, ఇక్కడ వాళ్లని నిందించడం అన్యాయం. 1975లో కాలిఫోర్నియా టీబీ 117 అనే నిబంధన తెచ్చింది. లోపలి ఫోమ్ చిన్న మంటకి 12 సెకన్లు తట్టుకోవాలి. కెమికల్స్ కలపకుండా అది కష్టం, కాలిఫోర్నియా కోసం వేరే సోఫా, మిగతా రాష్ట్రాలకి వేరే సోఫా చేయడం ఇంకా కష్టం, దాంతో ఆ ఫోమ్ దేశమంతా పాకింది. నిబంధన మార్చకుండా అడ్డుపడింది కెమికల్ కంపెనీలు. 'సిటిజన్స్ ఫర్ ఫైర్ సేఫ్టీ' అంటూ పౌరుల సంఘంలా కనిపించినదాని వెనక ఉన్నది మూడు కెమికల్ తయారీ సంస్థలేనని 2012లో చికాగో ట్రిబ్యూన్ బయటపెట్టింది. అది చదివితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది, పసిపిల్లల ఇళ్లలో ఉండే సోఫాల విషయం అది.

తర్వాత పరీక్ష మారింది. మంట బదులు, నిప్పున్న సిగరెట్ పెట్టి పైగుడ్డ రాజుకుంటుందో లేదో చూస్తారు, కాబట్టి ఫోమ్‌లో కెమికల్ కలపాల్సిన పని లేదు. దీన్నే దేశమంతటికీ ప్రమాణం చేసే చట్టం 2020 డిసెంబర్‌లో వచ్చింది, ఫర్నిచర్ పరిశ్రమ దానికి గట్టిగా మద్దతిచ్చింది. రాష్ట్రానికో రూల్ ఉండటమంటే వాళ్లకి పెద్ద టెన్షన్, ఈసారి వాళ్ల లాభం, మన ఆరోగ్యం ఒకే వైపు ఉన్నాయి.

ప్రశ్న: దిగుమతి సుంకాల విషయంలో పరిశ్రమ అంతా ఒకే మాట మీద ఉంటుందా?

జవాబు: ఉండదు. 2003లో అమెరికా తయారీదారులు కొందరు చైనా చెక్క బెడ్‌రూమ్ ఫర్నిచర్ మీద యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకి తెచ్చి అమ్మే విదేశీ సరుకు మీద వేసే పన్ను) వేయమని అడిగితే, దిగుమతి చేసుకుని అమ్మే దుకాణదారులు ఎదురు తిరిగారు. 2005లో సుంకం పడింది, చాలా ఆర్డర్లు వియత్నాంకి వెళ్లిపోయాయి.

ప్రశ్న: ఎవరు ఏం అడుగుతున్నారో మామూలు మనిషికి తెలిసే దారి ఉందా?

జవాబు: అమెరికాలో అయితే ఉంది. 1995 నాటి లాబీయింగ్ వెల్లడి చట్టం ప్రకారం మూడు నెలలకోసారి రిపోర్టు ఇవ్వాలి, ఏ బిల్లు మీద పనిచేశారో, ఎంత ఖర్చయిందో అందులో ఉంటుంది. అయితే నన్నడిగితే దానికంటే పనికొచ్చేవి ముసాయిదా నిబంధనల మీద సంఘాలు పంపే అభ్యంతరాల లేఖలు, అవీ ఎవరైనా చదవొచ్చు. వాటిలో మొదటి పేజీ వదిలేయండి, అందరూ భద్రతే మా ప్రాణం అని రాస్తారు. ఎన్ని పౌండ్లు, ఎన్ని సొరుగులు, ఎంత ఎత్తు దాటిన బీరువాలకి, ఏ తేదీ నుంచి అన్న చోట ఏం మార్చమన్నారో చూడండి.