వేడెక్కాక ఆయిల్ లైటు వెలుగుతోందని అప్పుడే ఇంజిన్ దించకండి

మీది ఎనిమిది లక్షల కిలోమీటర్లు తిరిగిన లారీ. పొద్దున ఆయిల్ ప్రెషర్ బాగానే ఉంటోంది, లోడుతో రెండు గంటలు నడిచాక స్లోలో (రేస్ ఇవ్వకుండా ఊరికే ఆన్‌లో) ఉంటే ఆయిల్ లైటు వెలుగుతోంది, రేస్ ఇస్తే ఆరిపోతోంది, మెకానిక్ ఇంజిన్ దించాలంటున్నాడు అన్నారు. మూడేళ్ల క్రితం నా బండిదీ ఇదే వరస. గుంటూరు మిర్చి యార్డులో లోడు ఎత్తుకుని వస్తుంటే, విజయవాడ వారధి దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు లైటు మినుకుమినుకుమంది. మే నెల ఎండ, నాకు ఒకటే టెన్షన్.

ఆటోనగర్‌లో మొదటి షాపతను బానెట్ కూడా ఎత్తకుండానే ఫుల్ ఇంజిన్ పని అనేశాడు. రెండో షాపులో పెద్దాయన మాత్రం ముందు డిప్‌స్టిక్ తీసి వాసన చూశాడు, నన్నూ చూడమన్నాడు. డీజిల్ కంపు! వేళ్ల మధ్య రుద్దితే జిడ్డే లేదు. న్యూస్‌పేపర్ మీద ఒక చుక్క వేస్తే మధ్యలో నల్ల మచ్చ మిగిలి, చుట్టూ పల్చటి తడి పాకుతూ పోయింది. నేనేమో నెల రోజులుగా ఆయిల్ తగ్గట్లేదని మురిసిపోతున్నాను. తగ్గకపోవడమేంటి, పై గీత కూడా దాటింది!

తర్వాత సెన్సార్ విప్పి ఆ కన్నంలో ప్రెషర్ మీటర్ బిగించాడు. ఇంజిన్ బాగా వేడెక్కాక స్లోలో 0.6 కిలోలు (చదరపు సెంటీమీటరుకి). అంటే సెన్సార్ అబద్ధం చెప్పట్లేదు. చాలా బండ్లలో సెన్సారో వైరో పోయి లైటు వెలుగుతుంది కాబట్టి మీరూ మొదట ఈ మీటర్ పెట్టించండి. వచ్చిన అంకెను మీ ఇంజిన్ మాన్యువల్‌తో పోల్చుకోండి, ఒక్కో ఇంజిన్‌ది ఒక్కో లెక్క.

నా బండిలో ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగేది) సీలు కారుతోంది. అది బిగించి ఉండే పాత ఇన్‌లైన్ డీజిల్ పంపుకి ఇంజిన్ ఆయిలే వెళ్తుంది కదా, ఆ దారినే డీజిల్ చాంబర్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి దిగింది. పంపు షాపులో ఆ పని అయ్యాక చాంబర్ విప్పి ఒక కనెక్టింగ్ రాడ్ క్యాప్ తీస్తే, బేరింగు మీద పై పూత అరిగి రాగి రంగు తేలి ఉంది. క్రాంక్ మీద గీతల్లేవు, అదృష్టం. ఇంజిన్ దించకుండా కింద నుంచే బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ కింది వైపువి), మెయిన్ (క్రాంక్‌ని మోసేవి) బేరింగులు మార్చి, ఆయిల్ పంపు పీల్చే చోట ఉండే జాలి కడిగి, కొత్త 15డబ్ల్యూ40 గ్రేడు ఆయిల్ పోశారు. వేడి మీద స్లోలో 1.5 వచ్చింది.

మీ బండికి చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ బాగుంది కాబట్టి జాలి మూసుకుపోవడం, రిలీఫ్ వాల్వు (ప్రెషర్ ఎక్కువైతే ఆయిల్ వదిలేసేది) ఇరుక్కోవడం మీద నాకంత అనుమానం లేదు. ఆయిల్ పల్చబడటం, బేరింగులు అరగడం, ఆ తర్వాత ఆయిల్ పంపు అరగడం, నేనైతే ఈ వరసలో చూస్తాను. పాత ఆయిల్ ఫిల్టర్ పారేయకుండా కోయించి మడతల్లో మెరిసే పొడి (అరిగిన బేరింగు లోహం) ఉందేమో చూడండి. గట్టి ఆయిల్ పోస్తే సరిపోతుందని ఎవరైనా అంటే వినకండి. లైటు ఆరుతుంది గానీ అరుగుదల ఆగదు. రేస్ ఇచ్చినా లైటు ఆరకపోతే మాత్రం అక్కడే ఇంజిన్ ఆపి, షాపుకి లాగించుకు వెళ్లండి. టర్బోకీ ఆ ఆయిలే దిక్కు.