ఆ మాట ఎవరితో అన్నాడు?

చదువు చెప్పినవాళ్ళలో ఇప్పటికీ తలుచుకునే ఒక్కరు ఎవరు, ఎందుకు అని అడిగారు కదా. నాకైతే ఆలోచించే పనే లేదండి, అమెరికాలో ఎమ్మెస్ చేసేటప్పుడు చైనా చరిత్ర, తత్వశాస్త్రం చెప్పిన మా ప్రొఫెసర్ గారు. తైవాన్ నుంచి పీహెచ్‌డీకని వచ్చి అక్కడే స్థిరపడిపోయిన పెద్దాయన, పోయినేడాది కాలం చేశారు. ఇంట్లోవాళ్ళ ప్రైవసీ కోసం పేరు రాయట్లేదు.

నాది ఇంజనీరింగ్, నా డిగ్రీకీ ఆ క్లాసుకీ ఏ సంబంధం లేదు, సాయంత్రం ఖాళీగా ఉందని ఆడిట్ చేద్దామని, అంటే మార్కులు లేకుండా ఊరికే వినడానికి, వెళ్ళి కూర్చున్నా. ఆయన పద్ధతి ఏంటంటే ప్రాచీన చైనా తత్వవేత్త కన్‌ఫ్యూషియస్ మాట ఒకటి బోర్డు మీద రాసేవారు, రాసి అర్థం చెప్పేవారు కాదు, "ఇది ఎవరితో అన్నాడు? ఆ మనిషి అప్పుడు ఏ స్థితిలో ఉన్నాడు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా చాక్‌పీస్ చేత్తో పట్టుకుని అలా నిలబడేవారు. మనకేమో సూక్తులు బట్టీ పట్టి పరీక్షలో రాసి వచ్చేయడం అలవాటు, ఆ అలవాటు మీద ఈ ప్రశ్న పడేసరికి కొన్నాళ్ళు దిక్కు తోచలేదు.

కన్‌ఫ్యూషియస్ మాటలూ, శిష్యులతో సంభాషణలూ ఉన్న పుస్తకం అనలెక్ట్స్, దాని 11వ అధ్యాయంలో ఒకటుంది. మంచి మాట వినగానే ఆచరణలో పెట్టేయాలా అని జిలు అనే శిష్యుడు అడుగుతాడు, ఇంట్లో తండ్రీ అన్నలూ ఉండగా వాళ్ళనడక్కుండా ఎలా చేసేస్తావయ్యా అంటాడు గురువు. తర్వాత రాన్ యూ అని ఇంకొకాయన వచ్చి అచ్చం ఇదే అడిగితే, ఆ, వెంటనే చెయ్యి అంటాడు. రెండూ విన్న మూడో శిష్యుడికి ఏం అర్థం కాక ఇదేంటని అడిగితే, రాన్ యూ వెనకాడే మనిషి కాబట్టి ముందుకు తోశాను, జిలుకి ఇద్దరి దూకుడుంది కాబట్టి పట్టి ఆపాను అని సమాధానం. ఇంతే కథ. దీనిమీదే మా ప్రొఫెసర్ గారు ఆ రోజు క్లాసంతా చెప్పారు, చెప్పి చివర్లో చరిత్రలోకి తీసుకెళ్ళారు. క్రీ.పూ. 480లో వెయి రాజ్యంలో తిరుగుబాటు జరిగితే జిలు పారిపోయే వీలున్నా తన యజమాని కోసం లోపలికెళ్ళి పోరాడి చచ్చిపోయాడు, దెబ్బకి తలమీది టోపీ తాడు తెగితే అది ముడేసుకుంటూనే పోయాడు. శవాన్ని ముక్కలు చేసి ఊరబెట్టారని తెలిసి కన్‌ఫ్యూషియస్ ఇంట్లో ఊరబెట్టిన మాంసం మొత్తం పారబోయించాడట, మరుసటి ఏడాదే తనూ పోయాడు. "ఆపాను అన్నాడు చూశారా, ఆగలేదు" అన్నారు ప్రొఫెసర్ గారు, ఆ మాట దగ్గర ఆయన గొంతు పూడుకుపోయింది. ఎన్నేళ్ళుగా చెప్తున్న పాఠమో అది! అప్పటిదాకా ఫిలాసఫీ అంటే గాల్లో మాటలనుకునేవాణ్ణి, మనిషిని తీసేస్తే ఆ మాటకి సగం ప్రాణం పోతుందని ఆ రోజే తెలిసింది.

నాది గుంటూరు జిల్లా అని తెలిశాక ఆఫీసుకి పిలిచి మ్యాప్ తీశారు. చైనా యాత్రికుడు హ్యూయాన్ త్సాంగ్ 629లో బయల్దేరి 645లో తిరిగెళ్ళాడని మనమూ స్కూల్లో చదివాం, కానీ ఆయన అమరావతి స్తూపం ఉన్న మన ధాన్యకటకంలో కొన్ని నెలలుండి సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం అనే బౌద్ధ తత్వశాస్త్రం చదువుకున్నాడని అమరావతి పక్కన పుట్టిన నాకు ఈ తైవాన్ ఆయన చెప్పాల్సొచ్చింది. కృష్ణ మీద వేలు పెట్టి, "ఇక్కడ నీళ్ళు ఎండాకాలంలో ఎలా ఉంటాయి, ఆ స్తూపం మిట్ట మీద ఉందా" అని ఎంత ఆత్రంగా అడిగారో. అమెరికాలో మా ఊరి గురించి నన్ను అంత శ్రద్ధగా అడిగినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఆ ఊపులో నేను ఇంజనీరింగ్ వదిలేసి హిస్టరీలో చేరతానని వెళ్ళి చెప్పా. ఆయన సంతోషిస్తారనుకున్నా, "మీ నాన్నగారితో మాట్లాడావా? ముందు చేతిలో ఉన్న డిగ్రీ పూర్తి చెయ్యి, ఇదెక్కడికీ పోదు" అన్నారు. అదే సెమిస్టర్లో నా పక్క సీట్లో కూర్చునే అమ్మాయి, నోరు విప్పి ఒక్క మాట మాట్లాడేది కాదు, పీహెచ్‌డీకి అప్లై చేయాలా వద్దా అని నెలల తరబడి నలుగుతుంటే, "ఇవాళే పంపించు, రికమెండేషన్ నేను రాత్రికి రాసేస్తా" అన్నారట. తను ఇప్పుడు కాలేజీలో చైనా చరిత్రే చెప్తోంది, నేను ఉద్యోగం చేసుకుంటూ రాత్రుళ్ళు చదువుకుంటున్నా. ఇద్దరికీ సరైన మాటే చెప్పారు. ఆయన పోయాక పాత స్టూడెంట్లందరం ఆన్‌లైన్లో కలిసినప్పుడు ఒక్కొక్కరికీ ఆయన చెప్పిన సలహాలు వింటుంటే ఒకదానికొకటి పొంతన లేదు, కానీ ఆ మనిషిని చూస్తే ఆ సలహా ఎందుకిచ్చారో తెలిసిపోతోంది.

మీకు ఆసక్తి ఉంటే అనలెక్ట్స్ ఇంగ్లీష్ అనువాదాలు బోలెడు దొరుకుతాయి. ఒకటో అధ్యాయం నుంచి కాకుండా 11 నుంచి మొదలెట్టమనేవారు ఆయన, అందులో శిష్యులు ఎక్కువ కనపడతారు, యెన్ హుయి అనే శిష్యుడు చిన్న వయసులో పోతే గురువు పడిన దుఃఖం కూడా అక్కడే ఉంది. వాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసుకుని చదవండి, లేకపోతే కలిసిపోతాయి.