అయిదేళ్ళయినా నాలుగో అధ్యాయం దాటడం లేదు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది పోచంపల్లి దగ్గర ఊరు. నాన్న, పెదనాన్న నేతపని చేసినవాళ్ళే. నేను బ్యాంకులో పనిచేస్తున్నాను. ఒక చేనేత కుటుంబం మీద నవల మొదలుపెట్టి అయిదేళ్ళు దాటింది. నాలుగు అధ్యాయాలు అయ్యాయి, వాటినే మార్చి మార్చి రాస్తున్నాను తప్ప అయిదోది మొదలవ్వడం లేదు. ఊపు వచ్చినప్పుడు పదిహేను రోజులు రాస్తాను, తర్వాత ఆడిట్ అనో పిల్లల పరీక్షలనో ఆగిందంటే మూడు నెలలు ఫైలు తెరవబుద్ధి కాదు. నాతోపాటు రాయడం మొదలుపెట్టిన స్నేహితురాలివి రెండు కథాసంపుటాలు వచ్చేశాయి. నాకు ఓపిక లేదేమో, ఇది నాతో అయ్యే పని కాదేమో అని టెన్షన్‌గా ఉంది. రోజూ రాయాలంటే ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, చౌటుప్పల్

జవాబు: అయిదేళ్ళుగా ఒక నవలని మనసులో మోస్తున్న మనిషికి ఓపిక లేదంటే నేను ఒప్పుకోను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, నాకు కనిపించింది వేరే. మూడు నెలల తర్వాత ఫైలు తెరుస్తారు, ఎక్కడ ఆపారో గుర్తుండదు, సరే ఒకసారి చూద్దామని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెడతారు, చదువుతుంటే తప్పులు కనిపిస్తాయి, దిద్దుతారు, ఒక పేరా మారిస్తే కింది పేరా అతకదు, దాన్నీ మారుస్తారు, ఈలోగా ఆ పదిహేను రోజుల ఊపూ నాలుగో అధ్యాయం చివరికి వచ్చేసరికి అయిపోతుంది. అయిదో అధ్యాయానికి మీ దగ్గర మిగిలేది అలసట ఒక్కటే.

కాబట్టి ఆ నాలుగు అధ్యాయాలూ ప్రింటు తీసి, కవర్లో పెట్టి, అక్కకో చెల్లికో ఇచ్చేయండి. నవల చివరిదాకా వచ్చేవరకు అడిగినా ఇవ్వొద్దని చెప్పండి. ఏడో అధ్యాయం రాస్తుండగా ‘అరే, ఆ అప్పు చేసింది తండ్రి కాదు, మేనమామ’ అని తడితే ఒక చిన్న నోటుబుక్కులో రాసుకుని, మొదటి అధ్యాయంలో ఆ మార్పు ఎప్పుడో చేసేసినట్టే ముందుకు వెళ్ళిపోండి. ఎలాగూ ముగింపు తెలిశాక మొదటి అధ్యాయం మళ్ళీ రాయక తప్పదు. ఇప్పుడు మీరు చెక్కుతున్న వాక్యాల్లో సగం అప్పుడు ఉండనే ఉండవు.

ఇంకో సంగతి, నేను దీన్ని అన్నిటికంటే ముఖ్యమనుకుంటాను. రాయడం ఆపి లేచేముందు, తర్వాత రాయాల్సింది రెండు మూడు ముక్కల్లో రాసిపెట్టి లేవండి. ‘అయిదో అధ్యాయం కొనసాగించాలి’ లాంటి ముక్క పనికిరాదు. ఇలా ఉండాలి: ‘షావుకారు ఇంటికి వస్తాడు. బాకీ గురించి ఎత్తడు. చీర విప్పి, అంచు దగ్గర రంగు పాకిందని వేలు పెట్టి చూపిస్తాడు. అమ్మ వంటింట్లో గిన్నెలు కడగడం ఆపి వింటుంది.’ ఇది ఉంటే మూడు నెలలేంటి, ఆరు నెలల తర్వాత కూర్చున్నా పాత పేజీలు తిరగెయ్యకుండా పెన్ను పట్టుకోవచ్చు. అందుకే పూర్తిగా ఖాళీ అయ్యేదాకా రాయకండి, తర్వాతి వాక్యం ఏంటో తెలిసినప్పుడే ఆపేయండి. మొదట్లో చేతులు కట్టేసినట్టు ఉంటుంది, మంచి ఊపులో ఉండగా ఆపడమేంటి అనిపిస్తుంది. ఆపండి.

రోజూ రాయాలా అన్నారు. అక్కర్లేదు. బ్యాంకు ఉద్యోగం, మార్చి నెల, పిల్లలు, వీటన్నిటి మధ్య రోజూ అని మొక్కుకుంటే మూడో రోజు తప్పుతుంది, తప్పింది కదా అని నెల పోతుంది. వారానికి రెండు పూటలు, ఏ పూటలో ముందే అనుకుని ఇంట్లో కూడా చెప్పేయండి. ఒళ్ళు అలిసిన రోజుకి వేరే పని పెట్టుకోండి: నాన్నగారిని కూర్చోబెట్టి చిటికి కట్టేటప్పుడు, అంటే రంగు అంటకూడని చోట దారానికి కట్లు వేసేటప్పుడు, రబ్బరు ఎలా చుట్టేవాళ్ళో, ఒక చీరకి పడుగు తయారవడానికి ఇంట్లో ఎవరెవరి చేతులు పడేవో అడిగి రాసుకోండి. అదీ నవల పనే. కాకపోతే ఎంత అడిగినా అడగాల్సింది మిగిలే ఉంటుంది కాబట్టి రాసే పూటని మాత్రం దీనికి ఇవ్వకండి.

ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారి సంగతి నాకంటే మీకే బాగా తెలిసి ఉంటుంది. పోచంపల్లి చీరకి ఆసు పోయాలంటే, అంటే నేతకి ముందు దారాన్ని వరసగా పేర్చాలంటే, అర్ధచంద్రంలా ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పాలి, ఒక్క చీరకి చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. వాళ్ళమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఆయన 1992లో ఆసు పోసే యంత్రం మొదలుపెట్టారు. అది పూర్తయింది 1999లో. ఆ మధ్యలో అంతా ఒకే ఊపులో జరగలేదు. డబ్బులు అయిపోయి, ఒక భాగం దగ్గర బుర్ర ఆగిపోయి, పని వదిలేసి హైదరాబాదు వచ్చి వేరే పనులు చేసుకున్నారు. బాలానగర్‌లో పనికి వెళ్ళిన చోట ఒక యంత్రం కదలిక చూసి, తనకి కావాల్సింది అదేనని పట్టుకున్నారు. 2017లో పద్మశ్రీ వచ్చిందని అందరూ చెబుతారు కానీ నాకు ఆ బాలానగర్ ముక్కే ఎక్కువ ఇష్టం. యంత్రంలో ఏ కదలిక కుదరలేదో ఆయనకి కచ్చితంగా తెలుసు కాబట్టే అది కళ్ళబడగానే గుర్తుపట్టగలిగారు. మీకూ నవలలో ఏ ముక్క దగ్గర ఆగిందో అంత కచ్చితంగా తెలిసి ఉంటే, ఆడిట్ నెలలో బస్సులో పక్క సీటావిడ మాటలోంచి కూడా అది దొరకొచ్చు.

మీ స్నేహితురాలి విషయం. కథ రాసేవాళ్ళకి నెలకో రెండు నెలలకో ‘అయింది’ అన్న సంతోషం ఉంటుంది. నవల రాసేవాళ్ళకి ఏళ్ళ తరబడి అది ఉండదు, ఆ ఆకలి మామూలుది కాదు, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. అధ్యాయం అయినప్పుడల్లా ఒక్క మనిషికి వినిపించండి, అదీ తప్పులు పట్టేవాళ్ళకి వద్దు, ‘తర్వాత ఏమైంది?’ అని అడిగేవాళ్ళకి.

ప్రశ్న: బొమ్మల కథ గీస్తున్నాను. మూడ్ వస్తే రోజుకి పది గంటలు గీస్తాను, పది రోజుల తర్వాత రెండు నెలలు పెన్సిల్ ముట్టుకోను. క్రమశిక్షణ ఎలా వస్తుంది మేడమ్?
– ఒక డిగ్రీ విద్యార్థి, రాజాం

జవాబు: బాబూ, అందరూ నీకు రోజుకి కనీసం ఇంత గీయమని చెప్పి ఉంటారు. నేను ఎక్కువలో ఎక్కువ ఇంతే అంటాను. రోజుకి ఒక్క పేజీ. చేతిలో ఎంత ఊపు ఉన్నా రెండో పేజీ పెన్సిల్ గీతల దగ్గరే ఆపెయ్యాలి. పది గంటలు గీసిన మర్నాడు మణికట్టూ కళ్ళూ రెండూ ఎదురు తిరుగుతాయి, దాన్నే నువ్వు మూడ్ పోవడం అనుకుంటున్నావు. ముందు కథంతా చిన్న చిన్న గళ్ళలో పుల్లల మనుషులతో గీసి గోడకి అంటించు. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ప్రశ్న: రిటైరయ్యాక మా ప్రాంతం మాటలన్నీ సేకరించి పుస్తకంగా వెయ్యాలని పూనుకున్నాను. వ్యవసాయం, పశువులు, వంట, సామెతలు అన్నీ కలిపి సంచులు నిండాయి. ‘ఇంకా ఎన్నాళ్ళు నాన్నా’ అంటున్నారు పిల్లలు. నాకూ అలాగే అనిపిస్తోంది.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, టెక్కలి

జవాబు: మాస్టారూ, పిల్లలకి సూర్యరాయాంధ్ర నిఘంటువు సంగతి చెప్పండి. పని 1911లో మొదలైతే మొదటి సంపుటం 1936లో వచ్చింది, చివరిది 1972లో. మాటల పని అలాగే నడుస్తుంది. అయితే దానికి వెనక ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఉంది, పిఠాపురం మహారాజా వారి అండ ఉంది, పండితులు ఉన్నారు. మీరు ఒక్కరు. కాబట్టి మీకు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి దారి నయం. మాండలిక వృత్తి పదకోశాన్ని ఆయన వృత్తుల వారీగా విడగొట్టారు: 1962లో వ్యవసాయం, 1971లో చేనేత. (చౌటుప్పల్ సోదరి ఆ రెండోది లైబ్రరీలో వెతికి చూడాలి.)

మీరూ వరిపని ఒక్కటే ముందు తీసుకోండి. దుక్కి నుంచి కుప్ప నూర్చేదాకా వచ్చే మాటలు, ఒక్కోదానికి ఒక కార్డు, ఏ ఊళ్ళో విన్నారో, చెప్పినవాళ్ళ వయసెంతో, వాళ్ళు ఆ మాట వాడిన వాక్యం ఉన్నదున్నట్టుగా. అరవై పేజీలు వచ్చినా అచ్చు వేయించండి. పశువులు, వంట, సామెతలు సంచుల్లో ఉంటాయి, ఎక్కడికీ పోవు. ఎద్దులతో దున్నినవాళ్ళు, నాగలి చెక్కినవాళ్ళు మీ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఇంకా ఎవరున్నారో మాత్రం ఈ వారమే కాగితం మీద పేర్లు రాసుకుని, అందరికంటే పెద్దవాళ్ళ ఇంటికి ముందు వెళ్ళండి. కార్డులు సర్దడం వచ్చే ఏడాది చేసుకోవచ్చు.