కారెక్కితే హియరింగ్ ఎయిడ్‌లో హోరు.. చెవికి ప్రమాదమా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. మూడేళ్లుగా రెండు చెవులకూ హియరింగ్ ఎయిడ్ వాడుతున్నాను. ఈమధ్య కారు మార్చాం. ముందు సీట్లో కూర్చుంటే చాలు, యంత్రంలో జుయ్‌మని హోరు. వెనక సీట్లో రాదు. అందుకే కారు నడిపేటప్పుడు తీసేస్తున్నాను. తీసినా ఎడమ చెవిలో సన్నగా మోత ఉంటోంది. తెలిసినవాళ్లు చెబితే చెవిలో చుక్కలు వేసుకుంటున్నాను. కారు సెన్సర్ల వల్ల చెవి పాడవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: సెన్సర్ల వల్ల చెవి పాడవదు. ఆ హోరు యంత్రంలో పుడుతోంది. చాలా హియరింగ్ ఎయిడ్‌లలో టెలికాయిల్ అనే చిన్న తీగచుట్ట ఉంటుంది. అది చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని శబ్దంగా మారుస్తుంది. సీట్లో మనిషి ఉన్నాడో లేడో పసిగట్టే సెన్సర్, తాళం లేకుండా స్టార్టయ్యే కార్లలోని యాంటెన్నాలు, ఇంజిన్ వైరింగ్.. వీటిలో దేని అయస్కాంత క్షేత్రాన్నైనా అది పట్టుకుని హోరుగా వినిపించవచ్చు. కారు ఆపి ఉంచి, అదే సీట్లో కూర్చుని తల అటూ ఇటూ వంచి చూడండి. హోరు పెరిగి తగ్గుతుంటే అనుమానం టెలికాయిల్ మీదే. మైక్రోఫోన్ ప్రోగ్రామ్‌కు (బయటి శబ్దాన్ని మైకుతో వినే మామూలు సెట్టింగ్) మార్చగానే ఆగిపోతే దాదాపు ఖాయం. కొన్ని యంత్రాలు వాటంతటవే టెలికాయిల్‌కు మారిపోతుంటాయి. ఆడియాలజిస్ట్‌కు (వినికిడి నిపుణులకు) చెబితే ఆ సెట్టింగ్ తీసేస్తారు. మార్చినా తగ్గకపోతే యంత్రాన్నే పరీక్ష చేయించాలి.

ఇక మీరు చివర్లో చెప్పిన విషయమే నాకు ఆందోళనగా ఉంది. యంత్రం చెవిలో లేనప్పుడు వచ్చే మోతకు కారుతో సంబంధం లేదు. అదీ ఒక్క ఎడమ చెవిలోనే! గులిమి గట్టిపడినా రావచ్చు, వినికిడి ఇంకా తగ్గినా రావచ్చు. అరుదుగా, వినికిడి నరం మీద చిన్న కణితి ఉన్నా రావచ్చు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఒకవైపు మాత్రమే మోత ఉంటే ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తప్పనిసరి, అవసరమైతే ఎమ్మారై కూడా తీయిస్తాం. చెవిని చూడకుండా ఇంతకుమించి చెప్పలేను.

మోత ఎప్పుడు మొదలైందో మీరు రాయలేదు. ఒకటి రెండు రోజుల వ్యవధిలోనే ఆ చెవి వినికిడి ఉన్నట్టుండి తగ్గిందనిపిస్తే ఇవాళే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు వెళ్లండి. స్టెరాయిడ్ చికిత్స మొదటి రోజుల్లో అందితేనే ఎక్కువ ఉపయోగం, రెండు వారాలు దాటితే ఫలితం బాగా తగ్గిపోతుంది. ‘గులిమి అయ్యుంటుందిలే’ అనుకుని చుక్కలు వేసుకుంటూ నెల తర్వాత వచ్చేవాళ్లను తరచూ చూస్తుంటాను. అప్పటికి మా చేతుల్లో పెద్దగా ఏమీ ఉండదు.

ఆ చుక్కలు ఆపేయండి. కర్ణభేరికి రంధ్రం ఉంటే, జెంటామైసిన్, నియోమైసిన్ లాంటి మందులున్న చుక్కలు లోపలి చెవిని దెబ్బతీయవచ్చు. ఇప్పటికే వినికిడి తక్కువున్న మీరు అడగకుండా వేసుకోవడం ఏమిటండీ? డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ సీసా, పాత ఆడియోగ్రామ్, యంత్రాలు వెంట తీసుకెళ్లండి. తల తిరగడం, చెవి నుంచి చీము, ముఖం ఒకవైపు లాగినట్టుండటం ఉంటే మాత్రం అసలు ఆగొద్దు.

ఈలోగా యంత్రం తీసేసి కారు నడపకండి. వెనక నుంచి వచ్చే అంబులెన్స్ సైరన్ మీకు వినపడాలి. మైక్రోఫోన్ ప్రోగ్రామ్‌లో పెట్టుకుంటే సరిపోవచ్చు. అందులోనూ హోరు వస్తుంటే, సర్దుబాటు అయ్యేదాకా స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వండి.